నీళ్ల ట్యాంకరులో రెండుసార్లు విరిగిన క్రాంక్‌షాఫ్ట్

అది 2019 వేసవి. పావగడ ఊరి బయట చల్లకెరె దారిలో ఉన్న నా షెడ్డు ముందుకు ఒక నీళ్ల ట్యాంకరు లారీని తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. డీజిల్ లారీ ఇంజన్లు విప్పడం, బిగించడం నా పని. అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది ఆ పనిలో. ఆ లారీ నన్ను నాలుగు నెలలు తికమక పెట్టింది. ఇప్పుడు కూడా దాని సంగతి మొత్తం అర్థమైందని చెప్పలేను. అర్థమైనంత వరకే చెబుతాను.

సోలార్ పార్కు వచ్చాక మా తాలూకాలో లారీల పని మారిపోయింది. అంతకుముందు వేరుశనగ మూటలు, చింతపండు, ఇటుకలు తోలేవాళ్లు. తర్వాత కంకర, ఇనుప స్తంభాలు, కేబుల్ చుట్టలు వచ్చాయి. ప్యానెళ్లు నిలబడ్డాక వాటిని కడగడం ఒక పని అయింది. దుమ్ము పట్టిన ప్యానెల్ కరెంటు తక్కువ ఇస్తుంది. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే మా వైపు, అద్దాలు కడగడానికి ట్యాంకర్లు తిరగసాగాయి.

ఆ లారీ క్యాతగానచెర్లు ఊరి రామాంజినప్పది. భూమి పార్కుకు లీజుకిచ్చి, గొర్రెల మందను అమ్మి, ఆరు సిలిండర్ల పాత లారీ కొన్నాడు. కొన్న కొత్తలో ఇంజన్ పని మొత్తం నేనే చేశాను. ఏడెనిమిది నెలలు కంకర తోలింది, ఏ తంటా రాలేదు. ఆ తర్వాత దాని మీద ట్యాంకు ఎక్కించి, గేర్‌బాక్స్ పక్కనుంచి తిరిగే నీళ్ల పంపు పెట్టించాడు. లారీని ఒకచోట నిలబెట్టి ఇంజన్ నడిపితే పంపు తిరిగి, పైపులో నీళ్లు చిమ్ముతాయి. అలా మూడో నెలలో ఉండగా ఇంజన్ ఒక్కసారిగా ధడాలుమని ఆగిపోయింది.

విప్పి చూస్తే క్రాంక్‌షాఫ్ట్ రెండు ముక్కలు. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకునే ఊపును చక్రం తిప్పే తిరుగుడుగా మార్చేది ఆ షాఫ్టే. ఇంజన్‌కు వెన్నెముక అనుకోండి. ఆరో సిలిండరు దగ్గర, ఫ్లైవీల్‌కు దగ్గరి చివరలో ఏటవాలుగా విరిగింది.

షాఫ్ట్ విరిగిందంటే ముందు నూనె చూస్తాము. నూనె అందకపోతే బేరింగులు కాలి, షాఫ్ట్‌ను పట్టేస్తాయి. ఇక్కడ బేరింగులు చక్కగా ఉన్నాయి. నూనె నిండుగా ఉంది. ఫ్లైవీల్ బోల్టులు బిగువుగానే ఉన్నాయి. నాకేమీ తోచలేదు. ఎందుకు విరిగిందో చెప్పమని రామాంజినప్ప నా తల మీదే నిలబడ్డాడు.

"యాల విరిగింది తిప్పేస్వామీ?"

"చూస్తా ఉండా అన్నా."

"చూసేది కాదప్పా. ఎవరి తప్పు? అది చెప్పు నాకి."

నాకు తెలియదు అనాల్సింది. ఇరవై ఏళ్ల మెకానిక్ నోటికి ఆ మాట రాలేదు. "దిగుడు దారిలో చిన్న గేరులో వేసి రేసింగ్ చేసుంటాడు డ్రైవరు. ఇంజన్ అదుపు తప్పి తిరిగితే ఇట్ల విరుగుతాది," అన్నాను.

'చేసుంటాడు' అన్నాను నేను. అది షెడ్డు గడప దాటేసరికి 'చేసినాడు' అయింది. సాయంత్రానికి లారీ స్టాండులో అందరికీ తెలిసిపోయింది.

డ్రైవరు గోపాలప్పది నిడుగల్లు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. రామాంజినప్ప అతన్ని ఆ రోజే దించేశాడు. గోపాలప్ప నా షెడ్డుకు వచ్చి, విరిగిన ముక్కల దగ్గర కాసేపు కూర్చున్నాడు.

"అన్నా, నేను రేసింగ్ చేయలే. ఈ మూడు నెలలూ దిగుడు దారికి పోనే పోలే బండి. బోరు కాడ నీళ్లు పట్టేది, ప్యానెళ్ల కాడ నిలబెట్టేది, అంతే కదా."

"మరి ఎట్ల విరిగింది గోపాలప్పా?"

"నాకేం తెలుసన్నా? నువ్వు చెప్పాల."

నేను మాట మార్చాను. అతను లేచి వెళ్లిపోయాడు. వారం తర్వాత ముక్కల్ని పాత ఇనుము కొనే గుజిరీ బండికి వేసేశాను. ఆ పని ఎందుకు చేశానా అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

వాడిన షాఫ్టే ఒకటి దొరికితే హిందూపురం తీసుకెళ్లి ఫకృద్దీన్ సాబ్ దగ్గర గ్రైండింగ్ చేయించాను. అరిగిన చోటును సన్నగా చెక్కి, మళ్లీ గుండ్రంగా తేవడం గ్రైండింగ్. సాబ్ నలభై ఏళ్లుగా ఆ ఒక్క మిషను మీదే పని చేస్తున్నాడు. షాఫ్ట్ బిగించాము, కొత్త డ్రైవరు వచ్చాడు, లారీ మళ్లీ ప్యానెళ్లకు పోయింది.

రెండు నెలలు కూడా నిండలేదు. మళ్లీ తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. ఆరో సిలిండరు దగ్గరే, అదే ఏటవాలు.

రామాంజినప్ప ఈసారి అరవలేదు. స్టూలు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఈ డ్రైవరూ రేసింగ్ చేసినాడా తిప్పేస్వామీ?" అని మెల్లగా అడిగాడు. అది వెటకారమో, నిజంగా అడిగాడో నాకు అర్థం కాలేదు.

అన్నిటినీ మోసే ఇంజన్ బ్లాక్ వంగిందేమోనని అనుమానం వచ్చింది. షాఫ్ట్ కూర్చునే ఏడు గూళ్లూ ఒకే వరసలో లేకపోతే తిరిగిన ప్రతిసారీ షాఫ్ట్ వంగుతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది. ఉక్కు స్కేలు పెట్టి, నీలం రంగు పూసి చూశాను. వరస సరిగానే ఉంది. క్లచ్ చూశాను. పిస్టన్ రాడ్లు తూకం వేశాను. ఒక్కోదాన్నీ సాక్ష్యానికి పిలిస్తే, ప్రతి భాగమూ 'నా తప్పేమీ లేదు' అన్నట్లుంది. పని చేస్తున్నంతసేపూ గోపాలప్ప ఆ ముక్కల దగ్గర కూర్చున్న తీరే కళ్ల ముందు మెదిలేది.

ఈ రెండో షాఫ్ట్ వరకు మిగిలింది సాబ్ గ్రైండింగ్. షాఫ్ట్ మీద గుండ్రటి భాగం పక్క గోడను కలిసే మూల కొంచెం ఒంపు తిరిగి ఉండాలి. మూల కత్తిలా పదునుగా చెక్కితే పగులు అక్కడినుంచే పుడుతుంది. సాబ్‌కు వయసైంది, చూపు తగ్గి ఉంటుంది అనుకున్నాను. ముక్కలు గోనెసంచిలో వేసుకుని, కొంచెం కోపంగానే హిందూపురం బస్సు ఎక్కాను.

సాబ్ నా మాటలన్నీ విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. ఒంపు కొలిచే రేకు తీసి మూలలో ఆనించి నాకే చూపించాడు. రేకుకూ ఇనుముకూ మధ్య సందు లేదు.

"చూసుకో. నా పని సరిగా ఉండాది. ఇప్పుడు ఇది చూడు," అని విరిగిన మొహాన్ని ఎండకు తిప్పాడు. అందులో సగానికి పైగా నున్నగా ఉంది. నత్తగుల్ల మీద గీతల్లాగా సన్నని వంపు గీతలు. మిగిలిన కొంచెం గరుకుగా, తళతళమని ఉంది.

"ఈ నున్నదంతా పాత పగులు. రోజూ ఇంచింత ఇంచింత పెరిగింది. ఈ గరుకు చోటు మాత్రమే ఆఖరికి పుటుక్కుమనింది. ఒక్క దెబ్బకి విరిగిన షాఫ్ట్ ఇట్లుండదు. మొదటిది ఎట్లుండె?"

"చూడలే సాబ్. గుజిరీకి వేసేసినా."

ఆయన నన్ను ఒక చూపు చూసి ముక్కను చేతిలో తిప్పాడు. తర్వాత అడిగాడు: "ముందర డాంపర్ ఎట్లుండాది?"

ఇంజన్ ముందువైపు, షాఫ్ట్ కొనకు బిగించి ఉండే బరువైన చక్రమే డాంపర్. లోపల ఒక దిమ్మ, బయట ఒక వలయం, రెండింటి మధ్యా రబ్బరు. బెల్టు కూడా దాని మీదే తిరుగుతుంది కాబట్టి, మా షెడ్లలో దాన్ని పుల్లీ అనే అంటాము.

"గట్టిగా ఉండాది సాబ్. రబ్బరు పోయి వలయం ఊగులాడతా ఉండె. కొత్తది దొరకలే. మొదట ఇంజన్ పని చేసినప్పుడే నాలుగు చోట్ల వెల్డింగ్ పెట్టేసినా. ఇంక ఊడేదే లేదు."

సాబ్ చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టాడు. "వెల్డింగ్ పెట్టినావా? ఎవరు నేర్పించినారప్పా నీకు?"

ఎవరూ నేర్పలేదు. బెల్టు జారకుండా ఉంటే చాలనుకున్నాను.

అప్పుడు ఆయన చెప్పింది నాకు తోచిన మాటల్లో చెబుతాను. ఒక్కో సిలిండరులో డీజిల్ మండినప్పుడల్లా షాఫ్ట్ మీద ఒక దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకు అంత లావు ఇనుమూ, తడిగుడ్డ పిండినట్లు, వెంట్రుకవాసి మెలిపడి వెనక్కి వస్తుంది. ప్రతి షాఫ్ట్‌కూ దానిదైన ఒక ఊపు ఉంటుంది. ఇంజన్ ఏదో ఒక వేగంలో తిరిగేటప్పుడు మంటల దెబ్బలు సరిగ్గా ఆ ఊపుతో కలుస్తాయి. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ తోసినట్లు మెలి పెరుగుతూ పోతుంది. ఆ మెలిని రబ్బరు మధ్యలో మింగేయడానికే డాంపర్. నేను వెల్డింగ్ పెట్టి దాని నోరు కుట్టేశాను.

"మరి ఏడెనిమిది నెలలు కంకర తోలినప్పుడు యాల విరగలే సాబ్? అప్పుడూ ఈ వెల్డింగే కదా?"

"రోడ్డు మీద బండి ఏ వేగంలోనూ నిలబడదు. ఎక్కతాది, దిగతాది. నీళ్లు కొట్టేటప్పుడు ఏ వేగంలో పెడతారు?"

"తెలీదు సాబ్."

"అయితే పోయి అడుగు. నాకి తెలిసింది చెప్పినా. ఆ ఇంజన్ పక్కన నిలబడినోళ్లకి తెలిసింది వేరే ఉంటాది."

మరుసటి రోజు ఉదయం క్యాతగానచెర్లు వైపు వెళ్లాను. కనుచూపు మేర ప్యానెళ్ల వరసలు. ఎనిమిది మంది ఆడవాళ్లు పొడుగాటి కట్టెలకు బ్రష్షులు కట్టుకుని తుడుస్తున్నారు. నీళ్లు వేరే ట్రాక్టరు ట్యాంకరు నుంచి వస్తున్నాయి. రామాంజినప్ప లారీ నీళ్లు కొట్టేటప్పుడు ఎలా ఉండేదని అడిగాను. తలకు టవల్ చుట్టుకున్న ఒకామె బ్రష్షు కింద పెట్టి నా ముందుకొచ్చింది.

"నువ్వేనా మెకానిక్ తిప్పేస్వామి?"

"అవునమ్మా."

"నేను గోపాలప్ప పెండ్లాన్ని. హనుమక్క అంటారు."

నాకు అక్కడినుంచి వెళ్లిపోవాలనిపించింది. ఆమె వదల్లేదు.

"మా ఇంటాయన ఆ బండిని బిడ్డ మాదిరి చూసుకునె. ఇంజన్ విరగ్గొట్టినోడని ఇప్పుడు ఎవరూ స్టీరింగ్ ఇయ్యరు. నిడుగల్లులో ఊరోళ్ల గొర్రెలు కాస్తా ఉండాడు. సరే, అది పోనీ. బండి ఎట్లుండె అని కదా అడిగితివి? విను. రోడ్డు మీద చక్కంగా పోతాది. ఈడ నిలబెట్టి నీళ్లు కొట్టేటప్పుడు ఒక గుర్తు కాడికి వస్తే గేర్‌బాక్సులో గులకరాళ్లు పోసినట్ల గలగలమంటాది. ఇంచింత ఎక్కువ చేస్తే ఆ శబ్దం పోతాది. తక్కువ చేసినా పోతాది."

"మరి ఆ గుర్తు కాడే యాల పెట్టేది?"

"ఎక్కువ చేస్తే నీళ్లు జోరుగా వచ్చి ప్యానెళ్లు పాడవుతాయని సూపర్‌వైజరు తిట్టె. తక్కువ చేస్తే పై వరసకి ఎక్కవు. అందుకే కట్టె ముక్క సరిగ్గా కోసి యాక్సిలరేటరు కాడ ఇరికించినారు. పొద్దన నుంచి మధ్యాహ్నం దాకా అట్లనే. కొత్త డ్రైవరు కూడా ఆ కట్టెతోనే నడిపినాడు."

ఆ కట్టె ముక్కే రెండు షాఫ్టుల్ని తిన్నదని అప్పుడు నాకు అనిపించింది. సాబ్ చెప్పిన వేగం అదే అయి ఉండాలి. కంకర తోలే రోజుల్లో వెల్డింగ్ ఒక్కటే ఉన్నప్పుడు షాఫ్ట్ విరగలేదు. కట్టె ఒక్కటే ఉన్నా విరిగేది కాదేమో. రెండూ కలిసినప్పుడు విరిగింది. హనుమక్క ఆగి, మరో మాట అంది.

"ఈ గలగల సంగతి మా ఇంటాయన నీకి చెప్పినాడు కదా? షెడ్డుకి వచ్చి చెప్పినా అనె."

చెప్పాడా? ఎంత తవ్వినా నాకు జ్ఞాపకం రాలేదు. తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచించాను. చెప్పలేదని అనిపించలేదు, చెప్పాడనీ అనిపించలేదు. ఇంజన్ సంగతి కాస్త తేటపడేసరికి నా తల ఇలా చిక్కుపడింది.

నిడుగల్లు దుర్గం కింద, వానకు దున్ని పెట్టుకున్న చేల పక్కన గోపాలప్ప గొర్రెల్ని నిలబెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చెప్పాల్సింది నిలబడే చెప్పాను: డాంపర్, వెల్డింగ్, కట్టె, పగులు. అన్నీ విన్నాడు.

"గోపాలప్పా, ఆ గలగల సంగతి నువ్వు నాకు చెప్పినావా?"

"చెప్పినా అన్నా. షాఫ్ట్ విరగకముందే వచ్చి చెప్తే, నువ్వు ఇంకో లారీ కింద పండుకోనుంటివి. 'పాత గేర్‌బాక్స్, అట్లనే ఉంటాది' అంటివి."

అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ గేర్‌బాక్స్ మాట అచ్చం నేను అనేలాంటిదే. "తప్పయింది," అన్నాను.

అతను చేతికర్రను కాసేపు మట్టిలో తిప్పాడు. "ఈ గొర్రెల ముందర చెప్తే ఏం లాభం అన్నా? నా పేరు లారీ స్టాండులో పోయింది. ఆడ చెప్పు."

షాఫ్ట్ విరిగినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. స్టాండులో ఈ మాట చెబితే నా షెడ్డుకు ఇక ఎవరు వస్తారు?

ముందు బండి పని పూర్తి చేశాను. మూడో షాఫ్ట్ కూడా సాబ్ చేతే చేయించాను. బెంగుళూరు నుంచి కొత్త డాంపర్ తెప్పించాను. పంపు వేగం పెంచి, పైపు దగ్గర వాల్వు పెట్టి నీళ్ల జోరు తగ్గించాము. కట్టె ముక్కను రామాంజినప్ప తన చేత్తోనే విసిరేశాడు. పంపు నడిపి చూసే రోజు హనుమక్కను పిలిచి ఇంజన్ పక్కన నిలబెట్టాను. వేగాన్ని మెల్లగా పెంచుతూ, తగ్గిస్తూ పోయాను. ఆమె తల ఒకవైపు వంచి చాలాసేపు విని, "లేదన్నా, ఆ శబ్దం లేదు," అంది.

రామాంజినప్ప ఊపిరి వదిలాడు. "అయితే డాంపరేనా కారణం, లేక కట్టెనా?"

"తెలీదన్నా. రెండూ ఒకేసారి మార్చినాము. మొదటి షాఫ్ట్‌లో నువ్వు కొనకముందు నుంచే పగులు ఉండెనేమో, అదీ చెప్పలేను. ముక్కలు లేవు కదా."

"ఇప్పుడూ తెలీదంటావా?"

"కొంచెం తెలుసు. మొత్తం తెలీదు."

తర్వాతి సోమవారం సంత రోజు. పది గంటలప్పుడు స్టాండు పక్క టీ అంగడిలో డ్రైవర్లు, ఓనర్లు పదిహేను మంది దాకా ఉన్నారు. నేను కబురు పెడితే గోపాలప్ప కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. సభల్లో మాట్లాడేవాణ్ని కాదు కాబట్టి నోటికి వచ్చినట్లే చెప్పాను.

"రామాంజినప్పన్న బండి షాఫ్ట్ గోపాలప్ప విరగ్గొట్టినాడని నేను చెప్పినా. అది తప్పు. డాంపర్‌కి వెల్డింగ్ పెట్టింది నేను. బండిలో శబ్దం వస్తా ఉండాదని అతను వచ్చి చెప్తే వినకపోయింది కూడా నేనే."

ఒక ఓనరు అడిగాడు: "అయితే తప్పంతా నీదేనా తిప్పేస్వామీ?"

"ఎంత నాదో, ఎంత కట్టెదో, ఎంత పాత ఇనుముదో నాకి లెక్క తేలలేదప్పా. గోపాలప్పది మాత్రం ఇంచింత కూడా లేదు. అది మాత్రం గట్టిగా తెలుసు."

కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు నా షెడ్డుకు బండ్లు తక్కువగానే వచ్చాయి. ఒకరిద్దరు మాత్రం ఎన్నడూ లేనిది తమ డ్రైవర్లను కూడా వెంటబెట్టుకుని వచ్చారు. గోపాలప్ప రామాంజినప్ప లారీకి మళ్లీ పోలేదు, రమ్మని పిలిచినా పోలేదు. వెంకటమ్మనహళ్లి వాళ్లెవరో కొత్త టిప్పరు కొని, దాని తాళం అతని చేతికిచ్చారు.

ఈ పనిలో ఇనుము చదవడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. విరిగిన మొహం మీద గీతల్ని సాబ్ నాకు చూపించాడు కాబట్టి ఇప్పుడు ముక్కల్ని పారేయను. తేదీ రాసిన చీటీ అంటించి అటక మీద పెడతాను. డాంపర్ రబ్బరు చూడకుండా ఏ ఇంజనూ బిగించను. ఇవి ఎవరైనా నేర్పగలిగేవే. నాకు కష్టంగా వచ్చింది వేరే ఒకటి. యాల విరిగిందని ఓనరు నా తల మీద నిలబడి అడిగినప్పుడు, చేతులు తుడుచుకుని, "ఇంకా తెలీదన్నా. ముందు డ్రైవర్‌ని పిలిపించు, అతను ఏం విన్నాడో అడగాల," అంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అయినా అంటున్నాను.